వాగు ఒడ్డున తెల్ల పువ్వుల బిట్టర్‌క్రెస్: ఏది ఏదో తేల్చుకోవడం ఎలా?

చెలమగట్టు:
అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని సర్రేలో ఉంటాం. ఇంటికి దగ్గరలో ఆల్డర్ చెట్ల నీడన ఒక పిల్లకాలువ పారుతుంది. ఏప్రిల్ చివరికల్లా దాని ఒడ్డంతా తెల్ల పువ్వులే. నాలుగు రేకులు, వేపరెమ్మలా ఇరువైపులా పత్రకాలున్న ఆకు, మోకాలెత్తు మొక్క. ఆవ కుటుంబానిదని పువ్వు చూడగానే తెలుస్తోంది. ఇరుగుపొరుగువారు వాటర్‌క్రెస్ (నీటిలో పెరిగే ఆకుకూర) అంటున్నారు, నాకు మాత్రం కార్డమైన్, అంటే బిట్టర్‌క్రెస్‌ల ప్రజాతిది అనిపిస్తోంది. ఇలాంటి పోలికలతోనే చిన్న మొక్కలు మా పూలకుండీల్లో, కాలిబాట పక్కన కూడా ఉన్నాయి. వేటిని చూసి విడదీయాలో అనుభవమున్నవారు చెప్పండి.

తడినేల:
చెలమగట్టు గారూ, ముందు పువ్వులోని పుప్పొడి తిత్తులు చూడండి. అప్పుడే విచ్చుకుంటున్న పువ్వు అయితే మంచిది. అవి ముదురు ఊదా రంగులో ఉంటే మీ ముందున్నది కార్డమైన్ అమారా, అంటే లార్జ్ బిట్టర్‌క్రెస్. వాటర్‌క్రెస్‌లో అవి పసుపు. తర్వాత ఒక కాడ తుంచి చూడండి. అమారా కాడలో బెండు నిండి ఉంటుంది, వాటర్‌క్రెస్ కాడ బోలుగా ఉంటుంది. పువ్వు పరిమాణంలోనూ తేడా ఉంది. అమారా రేకు 7 నుంచి 10 మిల్లీమీటర్లు, వాటర్‌క్రెస్‌ది 4 నుంచి 6. ఆకులను మాత్రం నమ్ముకోవద్దు. నీటిలో పెరిగిందా, ఎండలో పెరిగిందా అన్నదాన్ని బట్టి ఒకే మొక్క ఆకులు ఎంతో మారిపోతాయి.

గట్టుమీద:
మాది హాంప్‌షైర్. ఇక్కడి ఆల్‌రెస్‌ఫర్డ్ చుట్టుపక్కల సున్నపురాతి ఊటల నీటితో వాటర్‌క్రెస్ మడులు సాగుచేస్తారు కాబట్టి అసలు మొక్కను తరచూ చూస్తుంటాను. తడినేల గారు చెప్పినదానికి కాయల సంగతి కలుపుతాను. కార్డమైన్ కాయ సన్నగా, పొడవుగా, బల్లపరుపుగా ఉంటుంది. ముదిరాక తొక్కలు చటుక్కున చుట్టుకుపోయి గింజలను దూరంగా విసిరేస్తాయి. వాటర్‌క్రెస్ కాయ పొట్టిది, కాస్త గుండ్రన, అలా పేలదు. పూతకాలం కూడా ఆధారమే. అమారా పూత ఏప్రిల్‌లో మొదలై జూన్‌కల్లా ముగుస్తుంది. వాటర్‌క్రెస్ పూత వేసవిలోకి సాగుతుంది.

ఆవపూత:
కుండీల్లోనివి ఎక్కువగా కార్డమైన్ హిర్సూటా అయివుంటాయి. నేలకు అంటుకున్న చక్కని ఆకుల గుత్తి, దాదాపు నున్నని కాడ, దాని మీద రెండు మూడు ఆకులు మాత్రమే, పువ్వులను దాటి నిటారుగా లేచిన కాయలు. దీని పువ్వులో సాధారణంగా నాలుగే కేసరాలు. ఆవ కుటుంబంలో ఆరు ఉండటం మామూలు. కాలువ నీడలో చిన్న పువ్వులదే ఇంకొకటి కనిపిస్తే అది కార్డమైన్ ఫ్లెక్సువోసా కావచ్చు. కాడ వంకరటింకరగా, నూగుతో ఉంటుంది, దాని మీద ఆకులు ఎక్కువ, కేసరాలు ఆరు. కాయలు పువ్వులను అంతగా మించిపోవు.

పదిరెట్లకటకం:
ఆవపూత గారి జాబితా బాగుంది, కానీ కేసరాల లెక్క ఒక్కదాని మీదే తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోను. హిర్సూటాలో అప్పుడప్పుడు ఐదు, ఆరు కూడా వస్తాయి. ఫ్లెక్సువోసాలో తగ్గడమూ ఉంది. వేర్వేరు మొక్కల మీద చాలా పువ్వులు చూసి, కాడ మీది నూగు, ఆకుల సంఖ్య కలిపి చూస్తేనే మాట నిలుస్తుంది. ఒక్క ఫొటో చూసి పేరు పెట్టేసే అలవాటు ఈ ప్రజాతిలో అస్సలు పనికిరాదు.

తడినేల:
నిజమే. ఆ తడబాటుకు మూలం వంశంలోనే ఉంది. అమారా, హిర్సూటా రెండూ కలిసి పుట్టిన సంకరమే ఫ్లెక్సువోసా. తల్లిదండ్రులకు 16 చొప్పున క్రోమోజోములు, దీనికి 32. ఆరు కేసరాలు, తడి మీద మక్కువ అమారా పోలిక, చిన్న పువ్వులు హిర్సూటా పోలిక అనిపిస్తుంది. ఇక తూర్పు ఆసియా వరిమళ్ళలో పెరిగే మొక్కను చాలాకాలం ఫ్లెక్సువోసా అనే పిలిచారు. ఇప్పుడు దాన్ని కార్డమైన్ ఒకల్టాగా విడదీశారు, దానికి 64 క్రోమోజోములు. నర్సరీ కుండీల మట్టితో అది ఐరోపాకూ చేరింది. కొత్తగా కొన్న కుండీలో నూగులేని కాడ, పూసే వేళకు కాడ మొదట్లో నేలకంటిన ఆకుల గుత్తి లేని మొక్క కనిపిస్తే ఈ పేరు కూడా మనసులో ఉంచుకోండి.

గట్టుమీద:
ఒక హెచ్చరిక. గుర్తుపట్టడానికి ఎవరూ ఆకు నమిలి చూడవద్దు. అవే కాలువల్లో హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ పెరుగుతుంది, అది ప్రాణాంతకం. కొత్తిమీర కుటుంబానిది కాబట్టి పువ్వులు గొడుగులా గుత్తిగా వస్తాయి, కానీ లేత ఆకుల దశలో ఆ గుర్తు ఉండదు. మొక్క నిజంగా వాటర్‌క్రెసే అయినా, గొర్రెలు, పశువులు మేసే చోటి నీటిలోదైతే పచ్చిగా తినకూడదు, కాలేయపు జలగ వ్యాధి సోకవచ్చు.

చెలమగట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం వెళ్ళి చూశాను. తిత్తులు చక్కని ఊదా రంగు, కాడ నిండా బెండు, మొదట్లో ఆకుల గుత్తి లేదు. అమారాయే! అయితే కాలువ దాటాక తడి పచ్చికలో మరొకటి ఉంది. రేకులు పెద్దవి, దాదాపు తెలుపే, లేత ఊదా ఛాయ. తిత్తులు పసుపు.

ఆవపూత:
అది కార్డమైన్ ప్రాటెన్సిస్, కకూఫ్లవర్. చెషైర్ కౌంటీ పువ్వు ఇదే. రంగు లేత ఊదా నుంచి తెలుపు దాకా మారుతుంది కాబట్టి ఆకులతో రూఢి చేసుకోండి. ఇక్కడ మాత్రం ఆకులు బాగా సాయపడతాయి. మొదట్లోని గుత్తిలో పత్రకాలు గుండ్రంగా ఉంటాయి, కాడ మీదివి సన్నని చీలికల్లా ఉంటాయి. అమారాలో పైనా కిందా పత్రకాలు ఇంచుమించు ఒకేలా, వెడల్పుగా ఉంటాయి. తడి నేలకు తగిలిన పత్రకం మీద చిన్న పిల్లమొక్క లేస్తూ కనిపిస్తే ఇక అనుమానమే అక్కరలేదు.

పదిరెట్లకటకం:
తుంచే ముందు మొగ్గల కింది కాడలను ఒకసారి పరిశీలించండి. మే నెలలో ఆరెంజ్ టిప్ సీతాకోకచిలుక అక్కడ గుడ్డు పెడుతుంది, మొదట పాలిపోయి ఉండి తర్వాత నారింజ రంగుకు తిరుగుతుంది. గుడ్డు ఉన్న కాడను వదిలేయండి. వేరుతో పెకలించడం అసలు వద్దు. బ్రిటన్‌లోని 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం భూయజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ అలా తీయకూడదు. పువ్వు లోపలి భాగం, కాడ మొదలు, కాయలు, ఈ మూడింటి ఫొటోలు దగ్గరగా తీసి పెట్టండి. నీడలో చిన్న పువ్వుల మొక్క కూడా కనిపిస్తే, దాని సంగతి ఆ ఫొటోలు చూశాక తేలుద్దాం.