నల్ల టీషర్టు మీద ఎరుపు అంచున తెలుపు కనిపిస్తోంది, అండర్‌బేస్ (రంగుల కింద వేసే తెలుపు పొర) ఎంత తగ్గించాలి?

హైదరాబాద్‌లో చిన్న స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్. నాలుగు రంగుల మాన్యువల్ మెషీన్, ప్లాస్టిసాల్ ఇంకు (వేడి తగిలితేనే గట్టిపడేది), నల్ల కాటన్ టీషర్టులు. డిజైన్ బతుకమ్మ పూలు, కింద ఎర్రగా "బతుకమ్మ" అన్న అక్షరాలు. తెలుపు అండర్‌బేస్‌కి 43టీ మెష్ (సెంటీమీటరుకి 43 దారాల జాలి), పై రంగులకి 61టీ. తెలుపు వేశాక 8 సెకన్లు ఫ్లాష్ (హీటర్ కింద పైపైన ఆరబెట్టడం).

మొదటి నాలుగు టీషర్టులు చక్కగా వస్తాయి. ఐదో దాని నుంచి అక్షరాల కుడి అంచున సన్నటి తెల్లగీత, దాదాపు అర మిల్లీమీటరు. ఎడమవైపు రాదు. మెషీన్ కాసేపు ఆపి, టీషర్టు తొడిగే చెక్క చల్లారాక వేస్తే మళ్ళీ సరిగ్గా పడుతుంది.

ఛత్తా బజార్‌లో ఫిల్ములన్నీ ఒకేసారి మళ్ళీ తీయించాను; లైట్ టేబుల్ మీద రంగులు సరిచూసుకునే గుర్తులు ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కూర్చున్నాయి. స్క్రీన్లు కొత్తగా బిగించాను, చెక్క మీద గమ్ మార్చాను, ఫ్లాష్ 5 సెకన్లకి తగ్గించాను. ఐదు సెకన్లకి తెలుపు ఆరక పై స్క్రీన్‌కి అంటుకుంది.

కోరల్‌డ్రాలో అండర్‌బేస్‌ని చుట్టూ 1 పాయింట్, అంటే 0.35 మిల్లీమీటర్లు లోపలికి తగ్గించినా గీత పోలేదు. 2 పాయింట్లు తగ్గిస్తే గీత పోయింది కానీ, 'మ' తలకట్టు, కింద మ-వత్తు దగ్గర తెలుపే మిగల్లేదు. అక్కడ గీత మందం 1.2 మిల్లీమీటర్లే మరి. ఎరుపు నేరుగా నలుపు మీద పడి మురికిగా కనిపిస్తోంది. పూలకి 2 పాయింట్లు బాగానే ఉంది, బాధంతా అక్షరాలతోనే.

మాన్యువల్ మెషీన్ మీద నల్ల కాటన్‌కి వేసేవాళ్ళు, ఇంత సన్నటి తెలుగు అక్షరాల కింద అండర్‌బేస్‌ని ఎన్ని పాయింట్లు తగ్గిస్తున్నారు?