క్రౌట్‌రాక్ (1970ల నాటి జర్మన్ ప్రయోగాత్మక రాక్ సంగీతం) వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రిరేడియో: ఎవరో చెప్పారని క్యాన్ బ్యాండ్ వాళ్ల టాగో మాగో (1971, రెండు ఎల్పీ రికార్డుల ఆల్బమ్) పెట్టాను. మొదటి రెండు సైడ్లు బాగానే ఉన్నాయి, మూడో సైడ్‌కి వచ్చేసరికి 17 నిమిషాల మూలుగులు, అరుపులు, పక్కగదిలోంచి అమ్మ వచ్చి "ఏమైందిరా?" అంది. నేనే తప్పు చోట మొదలుపెట్టానా?

పాతటేపు: తప్పేం లేదు, ఆ మూడో సైడ్ ప్రస్తుతానికి వదిలెయ్. రెండో సైడ్ మళ్ళీ విను, 18 నిమిషాల పైన ఒకటే పాట, అందులో గొంతూ గిటారూ కాదు, వాళ్ల డ్రమ్మర్ యాకీ లీబెట్సైట్ డ్రమ్స్ మాత్రమే పట్టుకుని విను. వాళ్లు గంటలకొద్దీ వాయించుకుంటూ పోతే బేస్ గిటారు వాయించే హోల్గర్ షుకై టేపు కోసి అతికించి పాటలు చేసేవాడు. అన్నట్టు ఆ పాడేది డామో సుజుకి, మ్యూనిక్ వీధిలో పాడుకుంటుంటే పిలిచి అదే రాత్రి స్టేజి ఎక్కించారు.

గుండుసూది: నన్నడిగితే నోయ్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ (1972). మొదటి పాట పది నిమిషాలు, ఒకటే బీట్, రాత్రిపూట హైవే మీద బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టుంటుంది. రెండో ఆల్బమ్‌కి డబ్బులైపోతే, పాత సింగిల్‌నే స్పీడు పెంచీ తగ్గించీ రెండో సైడ్ నింపేశారు!

పాతటేపు: అది ప్రయోగం కాదు బాబూ, అప్పుల తిప్పలు.

రాత్రిరేడియో: హహ, ఇవాళ నోయ్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వింటాను.