ఈఎంఎస్ ఇచ్చిన బాసిల్లస్‌లో పెరిగిన అమైలేజ్ నిలవడం లేదు, ఏం చేయాలి?

నమస్కారం. భీమవరం దగ్గర ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మా డెల్టాలో రైసు మిల్లులకు కొదవ లేదు. ఒక మిల్లు వెనక తవుడు, నూకలు కుళ్లే చోటి మట్టి నుంచి బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను వేరుచేశాను. నూకల పిండి మీదే అమైలేజ్ (స్టార్చ్‌ను విడగొట్టే ఎంజైమ్) బాగా ఇచ్చే స్ట్రెయిన్ తయారుచేయాలని నా కోరిక.

మా సార్ పర్యవేక్షణలో, ఫ్యూమ్ హుడ్‌లో ఈఎంఎస్ (ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్, డీఎన్ఏలో మార్పులు తెచ్చే రసాయనం) ఇచ్చి, సోడియం థయోసల్ఫేట్‌తో దాని పని ఆపాం. ఈఎంఎస్ డీఎన్ఏలోని గ్వానిన్‌కు ఇథైల్ గుంపు తగిలించి, ఎక్కువగా జీ-సీ జతలను ఏ-టీగా మారుస్తుంది. స్టార్చ్ ప్లేట్ల మీద అయోడిన్ పోస్తే కొన్ని కాలనీల చుట్టూ తల్లి స్ట్రెయిన్ కన్నా పెద్ద వలయాలు (స్టార్చ్ విడిపోయి నీలిరంగు రాని చోటు) వచ్చాయి. అయోడిన్‌కు కాలనీలు చస్తాయి కాబట్టి ముందే నకలు ప్లేట్లు తీసిపెట్టాను. చాలా సంతోషించాను. కానీ సబ్‌కల్చర్ చేసేకొద్దీ వలయం తగ్గిపోతోంది, అదే టెన్షన్.

బాసిల్లస్ కణాలు గొలుసుగా ఉంటాయి, ఒక్కో కణంలో క్రోమోజోమ్ కాపీలూ ఒకటికి మించి ఉండొచ్చు. అంటే ఒకే కాలనీలో మారినవీ మారనివీ కలిసి ఉన్నాయా? లేక నిజంగానే వెనక్కి మారుతున్నాయా? ఈ రెండూ ఎలా తేల్చాలి? ప్లేటింగ్‌కు ముందు బ్రాత్‌లో కొన్ని తరాలు పెరగనివ్వాలా?

జీన్ ఎడిటింగ్ చేయమంటున్నారు కొందరు. 1943లో అమెరికాలోని పియోరియాలో ఖర్బూజ పండు మీద దొరికిన పెనిసిలియంను (పెన్సిలిన్ ఇచ్చే బూజు) ఎక్స్‌రే, యూవీలతో మెరుగుపరిచారు కదా, చిన్న ల్యాబ్‌కు ఈ దారే సరైనదని నా నమ్మకం.

ఇంకొకటి: వలయం-కాలనీ నిష్పత్తి, ఫ్లాస్కులో డీఎన్ఎస్ పరీక్ష (స్టార్చ్ విడిపోయి వచ్చిన చక్కెరను రంగుతో కొలిచేది) ఒకదానికొకటి పొంతన లేకపోతే మీరు దేన్ని నమ్ముతారు?