పంపు తిరుగుతోంది, నీళ్ళు మాత్రం పోవడం లేదు

ప్రశ్న (ఋషికుల్య మొగ, గంజాం జిల్లా): మాది ఫైబర్ బోటు. అడుగున చేరే నీళ్ళు తోడడానికి 12 వోల్టుల పంపు, నీళ్ళు చేరితే తేలి దాన్ని ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించాం. ఈ మధ్య మోటారు చప్పుడు వస్తోంది గానీ నీళ్ళు సన్నగా కారుతున్నాయి. మొన్న రాత్రి వానకి బోటు సగం నిండింది. పంపు అసలు ఆన్ కాలేదు. పంపు మార్చాలా, బ్యాటరీ మార్చాలా?

గోపాలపూర్ నుంచి: అన్నా, బోటు కట్టేసి వచ్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తారా?

ప్రశ్న అడిగినవారు: ఆపేస్తాం తమ్ముడూ. పొద్దున్నకి బ్యాటరీ దిగిపోతుందని భయం.

గోపాలపూర్ నుంచి: తంటా అక్కడే. ఫ్లోట్ లైను మెయిన్ స్విచ్ దాటి వస్తుంటే, మీరు ఇంటికెళ్ళాక దానికి కరెంటే ఉండదు. ఆ లైను బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా రావాలి. దానికి విడిగా ఫ్యూజు పెట్టండి, అదీ ప్లస్‌కి 7 అంగుళాల లోపే. ఎన్ని ఆంప్స్ ఫ్యూజో పంపు మీదే రాసి ఉంటుంది. మాటిమాటికీ పోతోందని పెద్దది వేయకండి. లోపల ఫ్యాను బిగుసుకుంటే వైరే కాలుతుంది. మామూలు ఫ్లోట్ లేవనంతసేపూ కరెంటు తినదు, బ్యాటరీ గురించి టెన్షన్ వద్దు.

ఇక సన్నధార సంగతి. ముందు కింది జల్లెడ ఊడదీసి చూడండి. మా బోటులో ప్రతిసారీ వల దారమే. ఈ మధ్య ఎవరైనా వైర్లు విప్పి కలిపారా? ప్లస్, మైనస్ తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు మామూలే, నీళ్ళు మాత్రం సరిగ్గా ఎత్తదు.

ప్రశ్న అడిగినవారు: జల్లెడలో నైలాను దారం, పొలుసులు ఉన్నాయి. తీశాం, కాస్త నయం. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. పంపు నడుస్తుండగా మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.4, పంపు దగ్గర 10.1 వచ్చింది.

బరంపురం, ఎలక్ట్రీషియన్: 2 వోల్టులు పైగా దారిలోనే పోతున్నాయి బాబూ. పంపు దగ్గర జాయింటు టేపు విప్పండి, రాగి పచ్చబడి ఉంటుంది. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంట్లో ఫ్యానుకి సరిపోతుందేమో, ఉప్పునీటికి కాదు. తగరం పూత ఉన్న రాగి వైరు, ఒక సైజు లావుది వేయండి. జాయింటు మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) వేసి, నీరు తగలని ఎత్తులో కట్టండి.

ఇంకొకరు (ఆర్యపల్లి): నీళ్ళు వెనక్కి రాకుండా పైపులో వాల్వు పెడితే?

బరంపురం, ఎలక్ట్రీషియన్: వద్దు. చెత్త ఇరుక్కుంటే అదే మూసుకుపోతుంది. బయటికి పోయే రంధ్రం ఎత్తులో ఉండాలి. ఖాళీ బోటుకి కాదు, వలలు, చేపలు నిండాక నీటిమట్టం ఎక్కడుంటుందో చూసి పెట్టండి. గొట్టం లోపల నున్నగా ఉండాలి, మధ్యలో సాగి నీళ్ళు నిలవకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఉండదు కదా, ఆ రోజుల్లో పంపు, ఫ్లోట్ విప్పి మంచినీళ్ళతో కడగండి. బ్యాటరీ ఇంటికి తెచ్చి ఛార్జింగులో ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: జాయింటు నిజంగానే పచ్చబడింది. వైరు మార్చాం. పంపు దగ్గర ఇప్పుడు 12 వస్తోంది. మెయిన్ ఆపి అడుగున రెండు బకెట్లు పోస్తే ఫ్లోట్ లేచింది, పంపు దానంతటదే ఆన్ అయింది. రంధ్రం మాత్రం కిందికే ఉంది, రేపు జానెడు పైకి మార్పిస్తాం. నీళ్ళు తోడే డబ్బా బోటులోంచి తీయలేదు లెండి.