జనానికి నేర్పమంటున్నారు సరే, ముందు లైబ్రరీ స్టాఫ్‌కి ఎవరు నేర్పాలి?

ప్రశ్న:
నమస్తే అండి. మాది చిన్న పబ్లిక్ లైబ్రరీ. డిజిటల్ అక్షరాస్యత క్లాసులు పెట్టమని పైనుంచి ఆర్డర్. బానే ఉంది కానీ మా స్టాఫ్‌లో సగం మందికి పీడీఎఫ్ సైజు తగ్గించడం రాదు, వాట్సాప్‌లో తిరిగే ఫోటో అసలు ఎప్పటిదో కనుక్కోవడం అంతకన్నా రాదు. ట్రైనింగ్‌కి పంపితే సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టుకుంటున్నారు, అంతే. లెర్నింగ్ ఆర్గనైజేషన్ అంటారు కదా, అంటే పని చేస్తూనే స్టాఫంతా ఎప్పటికప్పుడు నేర్చుకునే సంస్థ, ఆచరణలో అదెలా ఉంటుంది?

జవాబు 1:
ఆ మాటకి 1990లో మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ సెంగే పుస్తకం వల్ల పేరొచ్చింది. అలాంటి సంస్థకి కావాలని ఆయన చెప్పిన ఐదు అలవాట్లలో మీకు ముందు కావాల్సింది కలిసి నేర్చుకోవడం. మేం కౌంటర్లో ఒక నోట్‌బుక్ పెట్టాం, జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఏదొచ్చినా అందులో రాసేయాలి, వారానికోసారి గేటు తీసే ముందు అరగంట కూర్చుని వాటిలో ఒకటి పట్టుకుని అందరం కలిసి చేసి చూస్తాం. మొన్న ఆ ఫోటో సంగతే వచ్చింది, ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అదే ఫోటో పాత వార్తలో వేరే క్యాప్షన్‌తో కనిపించింది. ఇక దాన్ని ఎవరూ మర్చిపోరు.

జవాబు 2:
నోట్‌బుక్ మంచిదే గానీ అది ఆఫీసర్ టేబుల్ మీదకి వెళ్లిందా, మర్నాటి నుంచి ఒక్కరూ రాయరు. పేర్లు లేకుండా ఉంచండి. ఇంకోటి, అటెండర్లని, సెక్యూరిటీ వాళ్లని వదిలేస్తాం మనం, లోపలికొచ్చిన మనిషి ముందు అడిగేది వాళ్లనే కదా! కొందరికి చదవడమే కష్టం, అది బయటికి చెప్పుకోలేరు పాపం, అలాంటి వాళ్లతో అందరి ముందు కాకుండా విడిగా కూర్చోవాలి.

జవాబు 3:
జనం దగ్గర మాత్రం మౌస్ మీరు పట్టుకోకండి. క్యూ ఉందని మనమే ఫారం నింపేస్తే పని అయిపోద్ది, వాళ్లకి వచ్చేదేం ఉండదు, వచ్చే నెల మళ్లీ వస్తారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. అరగంటకి మా పైవాళ్లు ఒప్పుకోరేమో, "పని టైంలో చదువులేంటి" అంటారు.

జవాబు 1:
ఇఫ్లా (లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కో కలిసి ఇచ్చిన పబ్లిక్ లైబ్రరీ మ్యానిఫెస్టో చూపించండి, 1994 దాంట్లోనూ ఉంది 2022 దాంట్లోనూ ఉంది, లైబ్రేరియన్‌కి నిరంతర శిక్షణ తప్పనిసరి అని. ప్రింట్ తీసి లెటర్‌కి జత చేయండి, నోటిమాటగా అడిగితే తేలదు.