ఇంపేల్డ్ నజరీన్‌ను పంక్ బృందం అనవచ్చునా?

ఉత్తరధ్రువం:
1990లో ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో మికా, కిమ్మో లుటినెన్ సోదరులు మొదలుపెట్టిన ఇంపేల్డ్ నజరీన్‌ను ఈ చర్చావేదికలో ఒక సభ్యుడు హార్డ్‌కోర్ పంక్ (వేగమైన, కోపంతో నిండిన రాక్ సంగీతం) బృందాల వరుసలో చేర్చారు. నేను అంగీకరించను. వారి ఆల్బమ్‌లను తొలి నుంచీ విడుదల చేసిన ఫ్రెంచ్ సంస్థ ఆస్మోస్, బ్లాక్ మెటల్ అనే కరకైన, చీకటి ధోరణి మెటల్ సంగీతానికి పేరుపొందినది. పాటల్లోని మేకలు, సైతాను, క్రైస్తవం మీది ద్వేషం కూడా ఆ సంప్రదాయానివే.

డీబీట్ డ్రమ్మర్:
పాటల్లో ఏముందో పక్కన పెట్టి డ్రమ్స్ వినండి. 1996 నాటి 'లాటెక్స్ కల్ట్' ఆల్బమ్‌లో స్నేర్ (చురుకుగా మోగే చిన్న డ్రమ్) మీద ఆగకుండా పడే దెబ్బ బ్రిటన్‌లో డిశ్చార్జ్ అనే పంక్ బృందం స్థిరపరచినది. 1980లో తోర్నియోలో పుట్టిన తెర్వేత్ కాదెత్ వంటి బృందాలు ఫిన్లాండ్ ఉత్తరాన దానిని మరింత వేగంగా వాయించాయి. మా కళాశాల ఉత్సవంలో ఇదే తాళం వాయించినందుకు నిర్వాహకులు మమ్మల్ని రెండో పాటకే వేదిక దింపివేశారు. అప్పుడు మెటల్ అభిమానులెవరూ మమ్మల్ని తమవాళ్లుగా చెప్పుకోలేదు.

వెనక వరుస:
2000 నాటి వారి ఆల్బమ్ 'నిహిల్'లో చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ అనే మెటల్ బృందపు గిటారిస్ట్ అలెక్సీ లైహో వాయించారు. దానిని పంక్ అనడం కష్టం.

ఉత్తరధ్రువం:
మీకు జరిగినది అన్యాయమే, కానీ అది ఈ బృందం గురించి ఏమీ చెప్పదు. స్నేర్ దెబ్బ ఒక్కటే ప్రమాణమైతే సగం మెటల్ పంక్ అయిపోతుంది.

డీబీట్ డ్రమ్మర్:
సగం మెటల్ పంక్ నుంచే పుట్టింది! మీరు ప్రతిసారీ మేకల దగ్గరికే వెళ్తున్నారు. డ్రమ్స్ ముందు ఎన్నడూ కూర్చోనివారికి ఈ తేడా తెలియదు.

ఉత్తరధ్రువం:
ఆ మాట అనవలసింది కాదు. సరే, నన్ను బాధిస్తున్న సంగతి చెబుతాను. 1982లో డిశ్చార్జ్ అణుబాంబుకు భయపడి, దానిని తయారుచేసిన వారి మీద కోపంతో అరిచింది. ఇంపేల్డ్ నజరీన్ ఆ తాళాన్నే తీసుకుని, లోకం అణుమంటల్లో పోతే పోనిమ్మని పాడుతుంది. 1994 నాటి 'సుఓమి ఫిన్లాండ్ పెర్కెలే'లో సోవియట్ యూనియన్‌తో ఫిన్లాండ్ చేసిన 1939-40 శీతకాల యుద్ధాన్ని గర్వంగా తలుచుకుంటుంది. వారికి పంక్ అనే పేరు ఇవ్వడం, యుద్ధం వద్దని గొంతు చించుకున్న వారికి చేసే ద్రోహం.

డీబీట్ డ్రమ్మర్:
సోవియట్ సేన సరిహద్దు దాటి వచ్చిన యుద్ధాన్ని ఆ దేశపు పిల్లలు గర్వంగా తలుచుకుంటే తప్పేమిటి? పంక్ అంటే మంచివారి సంఘమని నేనెన్నడూ అనుకోలేదు. మీరు సంగీతాన్ని వదిలి నడవడికి మార్కులు వేస్తున్నారు.

ఉత్తరధ్రువం:
అవును, వేస్తున్నాను. పంక్ తనను తాను అలాగే కొలుచుకుంది. బ్లాక్ మెటల్ ఆ కొలతను ఎన్నడూ ఒప్పుకోలేదు. వారి ఆల్బమ్‌లు నా దగ్గర ఉన్నాయి, ఇష్టంగానే వింటాను. పంక్ అరలో మాత్రం పెట్టను.