ఇరాన్‌కి ఏ రంగు వేయాలి?

చంపాపేట అమ్మ:
మా పాప ఏడో తరగతి. ఆసియా ఖండాన్ని ప్రాంతాలుగా విడదీసి రంగులేసి సోమవారం చార్ట్ ఇవ్వాలి. తూర్పు ఆసియాకి పసుపు, ఆగ్నేయాసియాకి ఆకుపచ్చ, మధ్య ఆసియాకి గోధుమ రంగు వేసుకుంటూ బాగానే వచ్చాం. ఇరాన్ దగ్గర ఆగిపోయాం. ఒక అట్లాసులో నైరుతి ఆసియా అని ఉంది. పేపర్లో రోజూ పశ్చిమాసియా అని రాస్తారు. ఐక్యరాజ్యసమితి జాబితా చూస్తే మనతోపాటు దక్షిణాసియాలో ఉంది! కువైట్‌లో ఉండే మా మరిదిని అడిగితే ‘మిడిల్ ఈస్ట్ వదినా, అందులో డౌటేముంది’ అన్నాడు. వేసి చెరిపి, వేసి చెరిపి ఇరాన్ ఉన్నచోట కాగితం నూగులేచింది. ఏది కరెక్టో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సోషల్ టీచర్:
అన్నీ కరెక్టేనమ్మా. ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు గీతలు గీసుకున్నారు, అంతే.

ఐక్యరాజ్యసమితి జాబితా లెక్కల పట్టికల కోసం చేసింది. ఆ సంగతి వాళ్లే చెప్పుకున్నారు. అందులో రష్యా మొత్తం తూర్పు ఐరోపా కిందే వస్తుంది. జపాన్‌కి ఎదురుగా ఉండే వ్లాడివోస్టాక్ కూడా! సైప్రస్‌ని పశ్చిమాసియాలో వేశారు, అదేమో 2004 నుంచి ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర ఇంకో వరస. పాకిస్తాన్ వాళ్లకి ‘తూర్పు మధ్యధరా’ ప్రాంతం. కరాచీ నుంచి మధ్యధరా సముద్రం ఎంత దూరమో పాపని స్కేలు పెట్టి కొలవమనండి, నవ్వుకుంటుంది.

నేలని బట్టి చూస్తే ఇరాన్ వేరే పీఠభూమి, పడమటి వైపు జాగ్రోస్ పర్వతాలు. మన ఉపఖండం ఉన్న భూఫలకం (భూమి పైపొరలో ఒక పెద్ద ముక్క) మీద అది లేదు. రాజకీయంగా చూస్తే దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఏడు దేశాలతో మొదలైంది, 2007లో అఫ్ఘానిస్తాన్ చేరింది. ఇరాన్ అందులో సభ్యదేశం కాదు. ఇక మీ మరిది చెప్పిన మిడిల్ ఈస్ట్ పడమటి దేశాల వాళ్లు పెట్టిన పేరు. హైదరాబాద్‌లో నిలబడి చూస్తే ఇరాన్ మనకి పడమర కదా, తూర్పెలా అవుతుంది? మన పేపర్ల వాళ్లు పశ్చిమాసియా అనడమే నాకు నచ్చుతుంది.

జనం కూడా ప్రాంతాలు గీస్తారు. మా జగిత్యాల వైపు మస్కట్ పోయినా, సౌదీ పోయినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు.

బార్కస్ వాసి:
అక్కా, మా ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరాడు. ఆ ఫౌజు బ్యారక్సే హైదరాబాద్‌లో మా బార్కస్ అయింది. పొద్దున మా గల్లీలో హరీస్ తిని, సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ తాగుతా. మాకే రంగు వేస్తారు? 🙂

రిటైర్డ్ సోషల్ టీచర్:
బాబు మంచి మాట గుర్తుచేశాడు. ఈ నగరానికి ప్లాన్ వేశాడని చెప్పే మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ మనిషే. అలాగే బలూచీ మాట్లాడేవాళ్లు పాకిస్తాన్‌లోనూ ఉన్నారు, సరిహద్దు దాటితే ఇరాన్‌లోనూ ఉన్నారు. దేశం మొత్తానికి ఒకే రంగు పులిమితే ఇవేవీ కనపడవు.

కాబట్టి చార్ట్ మీద దేశాల సరిహద్దులు మాత్రం ఉంచండి. పైన మూడు ట్రేసింగ్ పేపర్లు టేపుతో అంటించండి. ఒకదాని మీద కొండలు, ఎడారులు. రెండోదాని మీద సార్క్, ఆసియాన్ లాంటి కూటములు. మూడోదాని మీద భాషలు. భాషల దానికి మాత్రం నిండు రంగు వద్దు, ఏటవాలు గీతలు గీయించండి. రెండు భాషలున్న చోట గీతలు ఒకదాని మీదొకటి పడతాయి.

చంపాపేట అమ్మ:
థాంక్స్ సార్. రాత్రి పదకొండింటికి పూర్తయింది. ఇరాన్‌కి మూడు కాగితాల మీదా మూడు రకాలుగా వచ్చింది. నూగులేచిన చోటు ట్రేసింగ్ పేపర్ కింద కనపడటం లేదు. మరిదికి ఫోటో పంపితే ‘మా కువైట్ ఇంత చిన్నగానా వదినా?’ అన్నాడు.